వ్యసన చికిత్స: బోయినపల్లి పరిసరాల్లో ప్రభుత్వ వైద్యం

తెలంగాణలో తాగుడు, కల్తీ కల్లు, గంజాయి, నిద్రమాత్రల వ్యసనానికి ప్రభుత్వం చేసే వైద్యంలో ఎక్కువ భాగం ‘డీఅడిక్షన్ సెంటర్’ అన్న బోర్డు లేని చోటే జరుగుతుంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ, జనరల్ మెడిసిన్ వార్డు, ఊళ్లో పల్లె దవాఖాన: లోపలికి దారులు ఇవే. బోర్డు కోసం వెతుక్కుంటూ వెళ్లే కుటుంబం మాత్రం హైదరాబాద్ శివారులోని ఏ ప్రైవేటు కేంద్రంలోనో తేలి, నెలకు వేలకు వేలు కట్టి, అప్పుతో ఊరు చేరుతుంది. ప్రభుత్వ వైద్యానికి డబ్బు అడ్డం కాదు. ఎక్కడికి పోవాలో, అక్కడ ఏమని అడగాలో తెలియకపోవడమే అసలు అడ్డంకి.

బోయినపల్లి మండలం మధ్యమానేరు జలాశయం ఒడ్డున ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాత కరీంనగర్ జిల్లా నుంచి విడివడి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. ఒక పక్క కరీంనగర్, మరో పక్క వేములవాడ, సిరిసిల్ల, ఉత్తరాన జగిత్యాల, ఇంకా పైకి పోతే కోరుట్ల. సిరిసిల్లలో మరమగ్గాలు, కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో బీడీలు, అంతటా గల్ఫ్ వలస. రాత్రి షిఫ్టులు, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే మగవాళ్లు, చేతికి కూలి అందిన రోజే ఎదురయ్యే బెల్టు షాపు: ఇక్కడి తాగుడుకు ఈ నేపథ్యం ఉంది.

లెక్కలు చూస్తే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 43.3 శాతం మద్యం తాగుతారు. దేశ సగటు 18.8. ఆడవారిలో ఇది 6.7 శాతం, దేశ సగటు 1.3. తాగేవారంతా రోగులు కారు. కానీ కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ఇంకో సంగతి బయటపెట్టింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒకరు.

కల్లు మానితే వచ్చే జబ్బు

ఉత్తర తెలంగాణలో వ్యసన చికిత్స గురించి మాట్లాడేటప్పుడు కల్లును పక్కన పెట్టలేం. చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు తేలికపాటి మద్యాలు. చిక్కంతా చెట్లు ఇచ్చే కల్లుకూ దుకాణాల్లో అమ్ముడయ్యే కల్లుకూ మధ్య ఉన్న తేడాలో ఉంది. ఆ తేడాను నీళ్లతో, చక్కెరతో, మత్తుకోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులతో పూడుస్తారు. క్లోరల్ హైడ్రేట్ పందొమ్మిదో శతాబ్దపు నిద్రమందు. మిగతా రెండూ వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మాత్రలు. ఏళ్ల తరబడి పొద్దూమాపూ ఈ కల్లు తాగే మనిషి తాను కల్లుకే అలవాటు పడ్డాననుకుంటాడు. శరీరం అలవాటు పడింది మాత్రం నిద్రమాత్రలకు.

2015లో ఎక్సైజ్ అధికారులు కల్తీపై ఒక్కసారిగా ఉక్కుపాదం మోపినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది. నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం గుంపులుగా వచ్చారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్, లేనివి కనబడటం, తనలో తాను మాట్లాడుకోవడం. వారిలో ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉన్నారు. కల్తీ ఆపడం మంచి పనే. ఆపే ముందు ఆసుపత్రుల్లో పడకలు, మందులు సిద్ధం చేసుకోకపోవడం పాలనాపరమైన పొరపాటు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయాక ఇదే చర్చ మళ్లీ మొదలైంది.

ఇంట్లోవాళ్లకు దీనివల్ల ఒక జాగ్రత్త అవసరం. రోజూ తాగే మనిషి, అది మందైనా కల్లైనా, హఠాత్తుగా మానేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, పక్కనున్న మనిషిని గుర్తుపట్టరు. దీన్ని గాలి సోకడమనో, ఎవరో చేయించారనో అనుకుని మంత్రగాడి దగ్గర కూర్చోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది 108కు ఫోన్ చేయాల్సిన పరిస్థితి. ఫోన్‌లో బోయినపల్లి అని మాత్రమే అంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఊరు, మండలం, జిల్లా మూడూ చెప్పాలి.

ఎక్కడికి వెళ్లాలి

అత్యవసరం కానప్పుడు పల్లె దవాఖానలో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ మొదలుపెట్టవచ్చు. అక్కడి డాక్టరు వ్యసనాన్ని పూర్తిగా నయం చేయకపోవచ్చు. అయినా ఎంత తాగుతున్నాడో, పొద్దున్నే లేవగానే తాగాల్సి వస్తోందా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అని అడిగి, లివర్ పరీక్షకు రక్తం తీయించి, పై ఆసుపత్రికి చీటీ రాయగలరు. రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రానికి వెళ్తాయి. పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు. చీటీ లేకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లినా కాదనరు, కాకపోతే చీటీ ఉంటే వరుసలో ఒకటి రెండు ప్రశ్నలు తగ్గుతాయి.

పదేళ్ల కిందటికీ ఇప్పటికీ ఈ ప్రాంతంలో వచ్చిన పెద్ద మార్పు ప్రభుత్వ వైద్య కళాశాలలు. జగిత్యాల కళాశాల 2022 నవంబరు 15న, సిరిసిల్ల, కరీంనగర్ కళాశాలలు 2023 సెప్టెంబరు 15న ప్రారంభమయ్యాయి. నిజామాబాద్‌లో 2013 నుంచే ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు వారికి అది కూడా అందుబాటులో ఉన్నదే. ఈ కళాశాలలను కట్టింది డాక్టర్లను తయారుచేయడానికి. అయినా జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రతి వైద్య కళాశాలకూ మానసిక వైద్య విభాగం ఉండాలి కాబట్టి, ఒకప్పుడు ఎర్రగడ్డ దాకా పోవాల్సిన పని ఇప్పుడు జిల్లా దాటకుండా అవుతోంది. వ్యసన చికిత్స పేరెత్తకుండానే దానికి దొరికిన పెద్ద ఊతం ఇదే అనిపిస్తుంది. దీనికి తోడు 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద కూడా మానసిక వైద్యులు, కౌన్సెలర్లు జిల్లా ఆసుపత్రుల్లో ఓపీ చూస్తారు.

ఓపీ కిటికీ దగ్గర ‘మానసిక విభాగం’ అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. “మావోడు పిచ్చోడు కాదు” అంటారు. ఇది ఒప్పుకోవాల్సిన భయమే. జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి వణుకు, నిద్రలేమి, కడుపు మంట గురించి చెప్పినా పని మొదలవుతుంది. అక్కడి డాక్టరు మానసిక వైద్యుణ్ని పిలిపిస్తారు. ఆధార్, ఆహార భద్రత కార్డు, పాత మందుల చీటీలు ఉంటే తీసుకెళ్లాలి. అడ్మిషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను అడగవచ్చు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు. అంటే తాగే మనిషి మొరాయించినా భార్యో, తల్లో ముందు తాము వెళ్లి డాక్టరుతో మాట్లాడి రావడానికి దారి ఖర్చు లేదు. ఆ మాటకు విలువ ఉంది. ఇంట్లోవాళ్ల తీరు మారితే రోగి ఆసుపత్రికి రావడానికి ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది.

బయటికి కదలలేనివారికి రెండు ఫోన్ నంబర్లున్నాయి. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్. 14416 ‘టెలి మానస్’, 2022 అక్టోబరు 10న మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. రెండింటికీ చార్జీ లేదు. పొగాకు, బీడీ, గుట్కా మానాలనుకునేవారికి 1800-11-2356 అని వేరే క్విట్‌లైన్ ఉంది. బీడీలు చుట్టే ఊళ్లలో ఈ నంబరు గోడల మీద ఉంటే బాగుండేది.

వార్డులో ఏం జరుగుతుంది

చికిత్స రెండు భాగాలు. మొదటిది విషం దిగే దశ. డాక్టరు ముందుగా రోగిని రెండు చేతులూ చాచమని, వేళ్లు విడదీయమని చూస్తారు. నాడి, రక్తపోటు, చెమట, నాలుక వణుకు, ఈ రోజు ఏం వారం, ఇది ఏ ఊరు అన్న ప్రశ్నలు. ఆ జవాబులను బట్టి క్లోర్‌డైజిపాక్సైడ్ గానీ లోరాజిపామ్ గానీ ఎంత ఇవ్వాలో తేలుతుంది. మొదటి రోజు ఎక్కువ మోతాదు, ఆపైన రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. నిద్రమాత్రలు కలిసిన కల్లు కేసుల్లో ఈ తగ్గింపు ఇంకా నెమ్మదిగా సాగవచ్చు. వీటితోపాటు తప్పనిసరిగా థయామిన్, అంటే బి1 విటమిన్ ఇస్తారు. తిండి మానేసి తాగినవారికి ఇది ఇవ్వకముందే గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించే అలవాటు తాగుబోతు విషయంలో మంచిది కాదనడానికి కారణం ఇదే.

రెండో భాగం మళ్లీ తాగకుండా చూడటం. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అన్న మందులు తాగాలన్న యావను తగ్గిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. డైసల్ఫిరామ్ సంగతి వేరు. 1948లో కోపెన్‌హాగెన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఈ మందు యావను తగ్గించదు, భయం పెడుతుంది. ఇది వేసుకుని తాగితే శరీరంలో ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం పోతుంది. మందు ఆపిన తర్వాత కూడా దాదాపు రెండు వారాలు దీని ప్రభావం ఉంటుంది. ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తాడు’ అంటూ అమ్మే పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. రోగికి చెప్పకుండా డైసల్ఫిరామ్ పెట్టడం మాత్రం ఏ ప్రభుత్వ వైద్యుడూ ఒప్పుకోని పని.

ఇన్నాళ్లూ ‘ఇంజెక్షన్ వేస్తే మానేస్తాడంట’ అని ఆశపడి వచ్చేవారికి వార్డులో వినిపించే జవాబు నిరాశగానే ఉంటుంది. అలాంటి ఇంజెక్షన్ లేదు. ఆసుపత్రిలో గడిపే పది రోజులు మొదలు మాత్రమే. ఆ తర్వాత నెలల తరబడి ఓపీకి రావాలి, మందులు వాడాలి, కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి. ప్రభుత్వ వైద్యం బలహీనపడేదీ ఇక్కడే. మందు స్టాకు లేదని బయట కొనమన్న రోజు, మగ్గం మీద ఒక రోజు కూలి పోయిన రోజు, మళ్లీ ఓపీకి రావడం ఆగిపోతుంది.

గ్రాంటుతో నడిచే కేంద్రాలు

ఆసుపత్రి కాక రెండో దారి స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు. 1985-86లో మొదలైన కేంద్ర పథకం నుంచి ఇవి పుట్టాయి. ఇప్పుడు 2018 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద నడుస్తున్నాయి. పడకలకు, సిబ్బందికి, మందులకు, తిండికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటు ఇస్తుంది. రోగి కొన్ని వారాలు అక్కడే ఉంటాడు. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన ‘నషా ముక్త్ భారత్ అభియాన్’ ప్రచార కార్యక్రమమే అయినా, గుర్తింపు ఉన్న కేంద్రాలు ఎక్కడెక్కడున్నాయో తెలుసుకోవడానికి దాని యాప్ పనికొస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ‘అడిక్షన్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీ’లు తెరిపించే పథకం కూడా ఉంది, దాన్ని ఎయిమ్స్ వారి ఘజియాబాద్ కేంద్రం చూసుకుంటుంది. గ్రాంటు ఏటా మంజూరు కావాలి కాబట్టి కేంద్రాల జాబితా మారుతుంటుంది. బయల్దేరే ముందు 14446కు ఫోన్ చేసి, తర్వాత ఆ కేంద్రానికే ఫోన్ చేసి, పడక ఉందా, ఏమైనా కట్టాలా అని అడగాలి. కట్టాలంటే దేనికో రాతపూర్వకంగా అడగాలి.

ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ రాష్ట్రంలో ఈ వైద్యానికి పాత ఆసుపత్రి. పదే పదే ఫిట్స్ వచ్చేవారికి, తాగుడుతోపాటు వేరే మానసిక జబ్బు ఉన్నవారికి, జిల్లాలో చేతకాని కేసులకు అది అవసరమవుతుంది. సాధారణ కేసును నేరుగా అక్కడికి తీసుకుపోవడం వల్ల ఒరిగేదేం లేదు. చేరిక బాగానే జరుగుతుంది, నెల తర్వాత చూపించుకోవడానికి అంత దూరం ఎవరు పోతారు?

చట్టం ఏమంటుంది

2018 మే నెలాఖరు నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక రుగ్మతల్లో చేర్చింది. చిన్న మాటే గానీ దాని వెంట చాలా హక్కులు వచ్చాయి. 18వ సెక్షన్ ప్రకారం దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత చికిత్స అందాలి. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో లేకపోతే అదే జిల్లాలోని మరో కేంద్రంలో వైద్యం చేయించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఈ రెండో హక్కు కాగితం దాటి జనం నోళ్లలోకి ఇంకా రాలేదు. 21వ సెక్షన్ ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

ఇదే చట్టం ప్రైవేటు కేంద్రాలను కూడా కట్టడి చేస్తుంది. ప్రతి కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. గొలుసులతో కట్టేయడం నిషిద్ధం. ఇంట్లోవాళ్లు డబ్బు కట్టినంత మాత్రాన మనిషిని ఎత్తుకుపోయి నెలల తరబడి గదిలో పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇష్టం లేని చేరికకు తనకో, ఇతరులకో ప్రమాదం, తనను తాను చూసుకోలేని స్థితి వంటి కారణాలు, ఇద్దరు నిపుణుల పరీక్ష కావాలి, అదీ మొదట 30 రోజుల వరకే. నమోదు పత్రం చూపించమంటే నసిగే కేంద్రంలో చేర్చకపోవడమే మంచిది.

గంజాయి కేసుల్లో తల్లిదండ్రుల భయం పోలీసులు. మత్తుమందుల చట్టం, 1985లోని 64ఏ సెక్షన్ ఈ భయానికి కొంత జవాబు. వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. అమ్మేవారికి ఇది వర్తించదు.

దీక్ష, దుకాణం

ఈ ప్రాంతంలో ఆసుపత్రి కంటే ఎక్కువమంది చేత తాగుడు మాన్పించేది మాల. జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న దగ్గర హనుమాన్ దీక్ష, శబరిమల అయ్యప్ప దీక్ష. మండలం రోజులు, అంటే 41 రోజులు, మందు ముట్టరు. ఊరంతా ‘స్వామి’ అని పిలుస్తుంది, తాగే జట్టు దూరమవుతుంది, పొద్దున్నే చన్నీళ్ల స్నానం, రోజంతా ఓ క్రమం. మాల తీసిన రాత్రే సీసా తెరిచేవారు తక్కువేం కాదు. అలాగని దీన్ని తేలిగ్గా తీసేయలేం. వ్యసన వైద్యులు కౌన్సెలింగ్‌లో తేవాలని చూసే మార్పులు చాలావరకు దీక్షలో వాటంతట అవే ఉన్నాయి. బాగా ముదిరిన తాగుబోతు మాల వేసుకునే ముందు డాక్టరును కలిసి విషం దిగే మందులు వాడుకోవాలి, లేకపోతే దీక్ష మొదటి రోజుల్లోనే ఫిట్స్‌తో ఆసుపత్రిలో పడే ప్రమాదముంది. దీక్ష చివరి వారంలో మళ్లీ ఓపీకి వెళ్లి మిగతా చికిత్స మొదలుపెడితే ఆ 41 రోజులూ వృథా కావు.

మన దగ్గర మద్యం మీద చర్చ ఎప్పుడూ దుకాణం చుట్టే తిరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది; ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో దాన్ని సడలించారు. గొప్ప పోరాటమే. కానీ దుకాణం మూయించాలన్న డిమాండ్ పక్కన, తాగుడుకు బానిసైనవాడికి వైద్యం కావాలన్న డిమాండ్ ఎన్నడూ అంత గట్టిగా వినిపించలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దశలవారీ నిషేధంతోపాటు ప్రభుత్వ ఆసుపత్రుల్లో డీఅడిక్షన్ కేంద్రాలు తెరవడం ఈ విషయంలో కొత్తదనం. మద్యం మీద రాబడి తెచ్చుకునే ప్రభుత్వమే వైద్యానికీ ఖర్చు పెట్టాలని అడగడంలో తప్పేమీ లేదు.

డిశ్చార్జి తర్వాతి నెలలకు డబ్బుతో పనిలేని ఆసరా ఒకటుంది. 1935లో అమెరికాలో పుట్టి 1957లో భారత్‌కు వచ్చిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో ఫీజు లేదు, పేరు చెప్పనక్కర్లేదు. తాగుబోతుల భార్యలకు, పిల్లలకు ‘అల్-అనాన్’ అని వేరే బృందాలున్నాయి. దూరం సమస్యకు తమిళనాడులో ఒక జవాబు దొరికింది. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ వారు రోగులను నగరానికి రమ్మనకుండా, తంజావూరు వైపు మంజక్కుడి గ్రామంలో తామే శిబిరం పెట్టారు. ఊరివాళ్లు చోటు, సాయం ఇచ్చారు. డాక్టర్లు, కౌన్సెలర్లు అక్కడికే వచ్చి రెండు వారాలపాటు వైద్యం చేసి, తర్వాత కూడా వచ్చి చూసి వెళ్లారు. సిరిసిల్ల, జగిత్యాల వైద్య కళాశాలలకు ఇప్పుడు మానసిక వైద్యులున్నారు, మండలానికో ఆరోగ్య కేంద్రం ఉంది. నెలకొక రోజు బోయినపల్లిలోనే వ్యసన చికిత్స ఓపీ నడపడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఒక డాక్టరు, ఒక కౌన్సెలరు, మందుల పెట్టె, ముందుగా తెలిసిన తేదీ చాలు.